మైకు మామయ్య ఇచ్చిన చోటు

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. పేట మొత్తానికి అతను మైకు మామయ్య. సొంత మేనకోడల్ని కాబట్టి ఆ పిలుపు మీద హక్కు నా ఒక్కదానిదేనని చిన్నప్పుడు పోట్లాడేదాన్ని. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి, వయసులో అతనికన్నా పెద్దవాళ్ల దాకా అందరూ అలాగే పిలవడంతో ఇక లాభం లేదని ఊరుకున్నాను.

సభలకీ శుభకార్యాలకీ కుర్చీలు, టెంట్లు, మైకు సెట్లు అద్దెకివ్వడం మామయ్య వ్యాపారం. మా పేట సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. ముందు కొట్ల వీధి, వెనక పల్లపు సందులు, నడుమ ఖాళీ మైదానం. మైదానం పక్కనే సముద్రంలో కలిసే కాలువ. ఆ కాలువ గట్టు మీదే మామయ్య రేకుల షెడ్డు. పోటు బాగా ఎక్కిన రోజుల్లో కాలువ ఎదురుతన్ని నీళ్లు షెడ్డులోకి వచ్చేవి. అందుకని స్పీకర్లు అటక మీద ఉండేవి, ఆంప్లిఫయర్లు ఇనప బీరువా నెత్తిన ఉండేవి. కుర్చీల దొంతర్లు మాత్రం నేల మీదే. "ప్లాస్టిక్ కుర్చీకి ఈత వచ్చులేవే" అనేవాడు మామయ్య.

షెడ్డు కట్టింది మా తాతయ్య. ఆయన అందులో రేడియోలు బాగుచేసేవాడు. కరిగిన సీసం వాసనలో పెరిగిన మామయ్య పాత సామాన్లలోంచి ఏవో ఏరి, పదేళ్లు నిండకుండానే సొంతంగా ఒక మైకు తయారుచేశాడట. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హలో" అన్నాడట. తన గొంతు అంత పెద్దగా తనకే వినబడేసరికి హడలిపోయి మైకు కింద పడేశాడని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ హడలు ఇక వదల్లేదు. ఊళ్లో ఎవరి గొంతుకి ఎంత శబ్దం పెట్టాలో, ఎవరు మైకుని మింగేస్తారో, ఎవరు దాన్ని చూసి పామును చూసినట్టు వెనక్కి జరుగుతారో అన్నీ తెలిసిన మనిషికి తను నాలుగు ముక్కలు మాట్లాడ్డం మాత్రం చేతకాదు. తన పెళ్లిలో చుట్టాలంతా పట్టుబట్టి చేతికి మైకిస్తే, దాన్ని రెండుసార్లు వేలితో కొట్టి, "చెకింగ్" అని, పెళ్లికూతురి చేతికిచ్చేశాడు.

పెళ్లికూతురు, అంటే మా అత్తయ్య, ఆ మైకుని పక్కన పెట్టేసి మాట్లాడింది. ఆవిడకి దాంతో పనిలేదు. షెడ్డులో నిలబడి మాట్లాడితే కాలువ అవతలి ఒడ్డు వాళ్లు బదులు పలికేవారు. ఏ ఫంక్షనుకి ఏ సామాను వెళ్లాలి, ఎవరి దగ్గర్నుంచి తిరిగి రావాలి, ఎవరు విరగ్గొట్టారు, అంతా ఆవిడ నోట్లోనే ఉండేది. మామయ్య పని వైర్లు, ఆవిడ పని మనుషులు. కాపురం, వ్యాపారం రెండూ ఆ లెక్కన హాయిగా సాగిపోయాయి.

ఈలోగా సముద్రం తీరు మారింది. మా చిన్నప్పుడు వీధిలోకి నీళ్లు రావాలంటే గట్టి వాన పడాలి. రానురాను ఎండ ఫెళ్లున కాస్తుండగానే, పౌర్ణమికీ అమావాస్యకీ, మురుగుతూముల్లోంచి ఉప్పునీళ్లు బుడబుడమని పైకి తన్నడం మొదలైంది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని కొట్ల వీధి దాటేవారు. కొట్లవాళ్లు గడపలకి అడ్డంగా ఇటికలు పేర్చేవారు. నగర కార్యాలయం వాళ్లు మేలుకుని, తీరం పొడుగునా ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి అని పథకం వేయబూనారు. జనాన్ని కూడా అడిగి చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు ఉందట. కాబట్టి పేటపేటకీ సభ పెట్టాలి. సభ అంటే కుర్చీలు. కుర్చీలంటే మామయ్య.

అలా ఊళ్లో జరిగిన ప్రతి సభకీ మామయ్య వెళ్లాడు. వచ్చి భోజనాల దగ్గర చెప్పేవాడు. మేము వాళ్ల మేడ మీద వాటాలోనే ఉండేవాళ్లం కాబట్టి అన్నీ నా చెవిన పడేవి.

"ఏమన్నారు ఇవాళ?" అని అత్తయ్య అడిగేది.

"ఎవరూ ఏమీ అన్లేదు. తెర మీద రంగురంగుల పటం వేశారు. గోడ అన్నారు, పంపులన్నారు. చివర్లో ప్రశ్నలుంటే అడగండన్నారు. అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోయారు. చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలు మడతేసుకొచ్చాను."

ఒకరోజు మాత్రం అన్నం ముందు కూర్చుని కలపకుండా దిక్కులు చూస్తున్నాడు. ఏమైందంటే, "ఆఖరి వరసలో ఓ ముసలావిడ చెయ్యెత్తింది" అన్నాడు. "మైకు తీసుకుని పరిగెత్తాను. సగం దూరంలో వైరు అయిపోయింది. ఇంకెంత లాగినా రాదే! నా అవస్థ చూసి ఆవిడే, పర్లేదులే నాయనా అని కూర్చుండిపోయింది. ఏం అడగాలనుకుందో ఏమో."

"అంత బెంగైతే వెళ్లి అడిగి రాకపోయావా? అన్నం చల్లారిపోతోంది" అంది అత్తయ్య.

ఆవిడ మాటవరసకి అంది. ఈయన మర్నాడు నిజంగానే వెళ్లాడు. కొత్తగా పొడుగాటి వైరు కొని, దాన్ని భుజానికి వేసుకుని, ఆ పేటలో ఇల్లిల్లూ వెతికి ముసలావిడని పట్టుకున్నాడు. ఆవిడ ప్రశ్న ఇదీ: "మా ఇంటికున్నది ఒకటే తలుపు, అది సముద్రం వైపు. ఎదురుగా గోడ కట్టేస్తే గాలి ఎటునుంచి రావాలి, నేనెటు పోవాలి?"

తర్వాతి సభ అయిపోయాక మామయ్య వైర్లు చుట్టుకుంటూ, వేదిక అంచున కూర్చుని బిస్కెట్లు తింటున్న నగర కార్యాలయం ఇంజనీరమ్మకి ఆ మాట చేరవేశాడు. ఆ అమ్మాయికి నా వయసుంటుంది. పొద్దుట్నుంచి తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది. తింటున్న బిస్కెట్టు ఆపేసి, "ఇది సభలో ఎవరూ అడగలేదే!" అంది.

"అడగబోయిందండీ. వైరు చాల్లేదు."

ఆమె బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టింది. తర్వాత, "ఇన్ని సభలు చూశారు కదా, జనం ఎందుకు మాట్లాడరంటారు?" అని అడిగింది.

"సభల సంగతి నాకు తెలీదండీ, కుర్చీల సంగతైతే తెలుసు. ఒకరి మొహం ఒకరికి కనబడేలా వేస్తే నవ్వులు వినబడతాయి. బళ్లోలాగా వరసలు వేస్తే ఆవలింతలు వినబడతాయి."

ఇంజనీరమ్మ ఫక్కున నవ్వింది. "మీకో నిజం చెప్పనా? నాకు వేదికంటే భయం. ఎవరైనా ఏదైనా అడిగేస్తారేమోనని గబగబా చదివేస్తాను" అంది. మైకు భయం తన ఒక్కడి సొత్తు కాదని తెలిసి మామయ్యకి ప్రాణం లేచొచ్చింది. మా పేట సభకి కుర్చీలు ఎలా వేస్తారో మీ ఇష్టం అని ఆమె అతనికే వదిలేసింది.

మా పేట వంతు ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. మామయ్య హాలు వద్దన్నాడు. మైదానంలో పెద్ద టెంటు వేసి, దాని కింద కుర్చీలన్నీ గుండ్రంగా పరిచాడు. వేదిక లేదు, బల్ల లేదు. నడుమ నేల మీద పేట పటం పరిచి, ఎగిరిపోకుండా అంచుల మీద అత్తయ్య వంటగిన్నెలు బరువు పెట్టాడు. కొట్లవీధి సంఘం ప్రెసిడెంటు గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, ముందు వరస ఏదో అంతుబట్టక వలయం చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణ చేశాడు. ఆయనది ఇనప సామాను కొట్టు, మనిషి కూడా అంతే బిగువు.

"నా సీటేదయ్యా?"

"అన్నీ మీవేనండి ప్రెసిడెంటు గారూ. ఎక్కడ కూర్చుంటే అదే ముందు."

ఆయన ఇంకో అరచుట్టు తిరిగి, ఆఖరికి పల్లపు సందుల్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న, పేటంతా పిన్ని అని పిలిచే ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది ఆవిడే. ఇద్దరూ పలకరించుకోక తప్పలేదు.

ఇంజనీరమ్మ పటం గురించి చెప్పడం అయ్యాక మామయ్య మైకు పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఎవరి ముందు పెట్టినా తల అడ్డంగా ఊపుతారు, పక్కవాళ్లని చూపిస్తారు. ఇలాగైతే కాదని తిన్నగా అత్తయ్య ముందుకెళ్లి ఆగాడు. అత్తయ్య ఒక్క క్షణం అతని వంక ఉరిమి చూసి, మైకుని చేత్తో పక్కకి నెట్టేసింది.

"నా గిన్నెలు మట్టిలో పెట్టినందుకు నీ సంగతి ఇంటికెళ్లాక చెబుతాను. ఇంజనీరమ్మా, నీళ్లు సముద్రం మీంచి నడిచి వస్తాయని ఎవరు చెప్పారమ్మా నీకు? మా ఇంట్లోకి బాత్రూం తూములోంచి వస్తాయి. నువ్వు ముందు గోడ కడతానంటున్నావు, వెనక తూము సంగతేంటి?"

టెంటు కింద నవ్వులు చెలరేగాయి. ఇంజనీరమ్మ కూడా నవ్వి, చాక్‌పీసు తీసుకుని పటం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఏ తూమో చూపించండి" అంది. అంతే, కట్ట తెగినట్టయింది. జనం కుర్చీల్లోంచి లేచి పటం మీదికి వంగారు. ఆటోవాళ్లు బండ్లు ఎక్కడ ఆగిపోతాయో చూపించారు. బడి ఆయా ఏ మెట్టు దాకా తడుస్తుందో చెప్పింది. ఎవరి ఇంటి దగ్గర ఎంత లోతో చెప్పడంలో పోటీ మొదలై, మోకాలి లోతు కాసేపట్లో నడుం దాకా పెరిగింది. "ఇంకాసేపుంటే నెత్తి మునుగుతుంది, ఆపండి" అని ఇస్త్రీ పిన్ని అరిచేదాకా ఎవరూ తగ్గలేదు.

ఆ సందడి సద్దుమణిగాక ఇంజనీరమ్మ లేచి నిలబడింది. ఈసారి గబగబా చదవలేదు.

"ఒక్క మాట దాచకుండా చెబుతాను. గోడ ఎంత ఎత్తు కట్టినా, తూములకి ఎన్ని మూతలు పెట్టినా, కుండపోత పడ్డరోజు ఆ వాననీళ్లు ఎక్కడో చోట నిలవాలి. కాలువ ఎదురుతన్నితే ఆ నీళ్లకీ ఓ చోటు కావాలి. పంపులుంటాయి, కానీ తుఫానులో ముందు పోయేది కరెంటే. అందుకని పేటలోనే కొంత జాగా నీళ్లకి వదలాలి. మా పటంలో ఆ జాగా ఇదీ" అని వెనక వైపు చూపించింది.

అక్కడ పల్లపు సందుల్లో చివరి వరస ఇళ్లున్నాయి. ఇస్త్రీ పిన్ని ఇల్లు అందులోనే.

"అంటే మేం లేచిపోవాలా?" అంది పిన్ని.

"వేరే చోట ఇళ్లిస్తారులే అమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆ ఇచ్చే ఇంట్లోకి మీరెళ్లండి సార్, మీ మేడలోకి నేనొస్తాను. మీ చొక్కాలు మోసుకెళ్లే పని కూడా తప్పుతుంది."

ఇక చూడాలి గోల. కొట్లవీధి ఒకవైపు, సందులు ఒకవైపు. గుండ్రంగా వేసిన కుర్చీలు ఎప్పుడు జరిగాయో గానీ రెండు ముక్కలయ్యాయి. ఎవరో ఈ మైదానం ఉంది కదా అన్నారు. ఇంజనీరమ్మ పటం మీద వేలుపెట్టి చాలాసేపు చూసింది. "మైదానం పల్లంగానే ఉంది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ కాలువలోంచి నీళ్లు ఇందులోకి రావాలన్నా, తిరిగి పోవాలన్నా మధ్యలో గట్టు అడ్డం. గట్టు మీద ఏదో షెడ్డుంది. వాళ్లెవరో తీసేయడానికి ఒప్పుకుంటే గట్టు తవ్వొచ్చు. ప్రైవేటు స్థలం కాబట్టి మేం అడగలేదు" అంది.

ఆ షెడ్డు ఎవరిదో ఆమెకి తెలియదు. మిగతా అందరికీ తెలుసు. ఒక్కొక్క తలే తిరిగింది. మామయ్య వలయం నడుమ మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని ఇచ్చేద్దామంటే పక్కన ఎవరూ లేరు. మొహానికి చెమటలు పట్టాయి. అలవాటు కొద్దీ మైకుని వేలితో రెండుసార్లు కొట్టాడు. అయిపోయింది, ఇక చెకింగ్ అంటాడని నేను కళ్లు మూసుకున్నాను.

"షెడ్డు మాది" అన్నాడు మామయ్య. "మా నాన్న కట్టాడు. నీళ్లకి మొదట్నుంచీ ఆ చోటంటే ఇష్టమే, ఏటా వచ్చి చూసిపోతున్నాయి. పిన్ని వాళ్ల ఇళ్లు లేపడంకన్నా నా కుర్చీలు లేపడం తేలిక. ఒక చోట్నుంచి ఇంకో చోటికి పోవడమే కదా కుర్చీల పని. తీసుకోండి."

ముందు పిన్ని చప్పట్లు కొట్టింది. తర్వాత టెంటంతా మోగిపోయింది. చప్పట్లు కొట్టకుండా కూర్చున్నది అత్తయ్య ఒక్కతే.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో అత్తయ్య గొంతు వినబడలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఎవరికీ బెంగుండేది కాదు. గిన్నెలు తోముకుంటుంది, అన్నం వడ్డిస్తుంది, మాట మాత్రం లేదు. ఇంత నిశ్శబ్దం ఏమిటని కాలువ అవతల్నుంచి కూడా మనుషులొచ్చి అడిగిపోయారు. మామయ్య ఆవిడ వెనకాలే తిరిగాడు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, "నిన్నడక్కుండా అనేశాను. తప్పే" అన్నాడు.

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "ఊరందరి నోటి దగ్గరా మైకు పెట్టావు. ఇంట్లో ఉన్నదాన్ని నన్నడగలేదు. ఇవ్వొద్దంటానని అనుకున్నావు కదూ?"

"అనుకున్నాను."

"ఇవ్వమనేదాన్నే. కానీ ఊరికే ఇవ్వమనేదాన్ని కాదు. బేరం తెలియని మనిషివి నువ్వు" అని కొంగు దోపుకుని నగర కార్యాలయానికి బయల్దేరింది. తోడు నన్ను లాక్కుపోయింది.

ఇంజనీరమ్మ బల్ల మీద కాగితాలు జరిపి చోటిస్తే అత్తయ్య తన షరతులు చెప్పింది. మైదానం గట్టు వైపున, స్తంభాల మీద ఎత్తుగా ఒక హాలు కట్టాలి. కుర్చీలూ వంటగిన్నెలూ మైకు సెట్టూ అందులో ఉంటాయి. మామూలు రోజుల్లో వాటిని అద్దెకిచ్చుకునే హక్కు తమది. నీళ్లొచ్చినరోజు హాలు పేట మొత్తానిది, అద్దె లేదు, గిన్నెలతో సహా. "తుఫానొచ్చాక కుర్చీల కోసం ఎక్కడికి పరిగెడతారు? కూర్చోడానికీ వండుకోడానికీ అన్నీ అక్కడే ఉంటాయి కదా!"

ఇంజనీరమ్మ రాసుకోవడం మానేసి ఆవిడ వంకే చూసింది. తర్వాత ఇద్దరూ కలిసి బొమ్మ గీశారు. అత్తయ్య మెట్లు వద్దంది, తోపుడుబండి ఎక్కేలా ఏటవాలు దారి కావాలంది, అదీ తిన్నగా ఉండాలంది. ఇంజనీరమ్మ ఒప్పుకోలేదు. తిన్నగా కడితే నిటారుగా ఉంటుందని, ముసలివాళ్లు ఎక్కలేరని లెక్క వేసి చూపించింది. అత్తయ్య కాసేపు వాదించి, ఆ కార్యాలయం మెట్ల పక్కనున్న ఏటవాలు మీద రెండుసార్లు ఎక్కి దిగి, ఆయాసపడి, "సరే, మెలిక తిప్పమ్మా" అంది.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని చెప్పను. పథకం పై ఆఫీసుకి వెళ్లి తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. మైదానంలో ఇంకో రెండు సభలయ్యాయి. గోడ తాము అడిగినంత ఎత్తు రాదని తెలిసి కొట్లవీధి అలిగింది. ప్రెసిడెంటు గారు లేచి వెళ్లిపోబోయి, మామయ్య మైకుతో అడ్డం రావడంతో మాట్లాడక తప్పక, "అంత పొట్టి గోడైతే కనీసం దానికి మెట్లైనా పెట్టండి, సాయంత్రాలు కూర్చోవచ్చు" అన్నాడు. కోపంలో అన్న మాటే గానీ అందరికీ నచ్చింది. ఇప్పుడా మెట్ల మీద ఎవరు కూర్చున్నా ఆయన వచ్చి, ఆలోచన ఎవరిదో తెలుసా అని అడుగుతాడు.

షెడ్డు రేకులు విప్పినరోజు మామయ్య కాసేపు దూరంగా నిలబడ్డాడు. తాతయ్య సామాను పెట్టుకున్న చెక్క బల్లని మాత్రం ముక్కలు కానివ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత గట్టు తవ్వారు, తూములకి ఒకవైపే తెరుచుకునే మూతలు బిగించారు, స్తంభాల మీద హాలు లేచింది.

మరుసటి వానాకాలం పెద్ద పోటూ కుండపోత వానా ఒకేరోజు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా కాలువ ఎదురెక్కింది. పల్లపు సందులవాళ్లు మూటలతో హాలెక్కారు. అత్తయ్య పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించి, ఎవరు ఏం కోయాలో పురమాయిస్తోంది. మామయ్య కుర్చీలు వేశాడు, అందరికీ మైదానం కనబడేలా. నీళ్లు గట్టు కోతలోంచి సుడులు తిరుగుతూ లోపలికొచ్చాయి. మైదానం నిండింది, అంచుల దాకా వచ్చింది. సందుల్లో నీళ్లు చీలమండ దాకా వచ్చి ఆగిపోయాయి. మర్నాడు వాన వెలిసి, పోటు తగ్గాక వచ్చినదారినే మెల్లగా వెనక్కి పోయాయి. ఇస్త్రీ పిన్ని ఇంటికెళ్లి చూసుకుని పరుగున తిరిగొచ్చింది. "ఇస్త్రీ బొగ్గులు కూడా తడవలేదర్రా!" అని అందరికీ వినబడేలా అరిచింది.

వేరే పేటలవాళ్లు కూడా ఇప్పుడు సభ పెడితే కుర్చీలతోపాటు మామయ్యనీ పంపమంటున్నారు. అతను వెళ్లి గుండ్రంగా కుర్చీలు వేసి, మైకు పట్టుకుని తిరుగుతాడు. సొంతంగా మాట్లాడమంటే ఇప్పటికీ చెమటలే. ఇంజనీరమ్మ మాత్రం వేదిక పూర్తిగా మానేసింది. నేల మీద పటం పక్కన కూర్చుంటేనే ఆమెకి మాట వస్తుందట.

ఈ మధ్య మా పేటలో కొత్త గొడవ లేచింది. మైదానంలో ఓ మూల కాస్త నీళ్లు నిలిచిపోయి, ఎక్కడివో తెల్లకొంగలూ నీటికోళ్లూ వచ్చి చేరాయి. బడి పిల్లలూ, ప్రెసిడెంటు గారూ ఆ మూల కదపొద్దంటున్నారు. బంతాట ఆడుకునే కుర్రాళ్లు పూడ్చి చదును చెయ్యాల్సిందేనంటున్నారు. వచ్చే ఆదివారం సభ. అత్తయ్య కుర్రాళ్ల పక్షం. పిట్టలు ఎండబెట్టిన టెంటు గుడ్డలన్నీ పాడుచేస్తున్నాయని ఆవిడ కోపం. నువ్వెటు మామయ్యా అని నేనడిగితే, వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "పిట్టల వైపే. మీ అత్తయ్యకి చెప్పకు" అన్నాడు.

"వినబడుతోంది!" అంది వంటింట్లోంచి అత్తయ్య.